బిల్డరు పని ఆపేశాడని మనం ఇంటి రుణం వాయిదాలు ఆపేయవచ్చా?

ప్రశ్న: అమీన్‌పూర్ కొనుగోలుదారు

అందరికీ నమస్కారం. హైదరాబాదులో అమీన్‌పూర్ వైపు కడుతున్న ఒక అపార్టుమెంటులో 2021లో మేము ఫ్లాటు తీసుకున్నాము. 2024 డిసెంబరుకల్లా తాళాలు చేతికిస్తామని ఒప్పందంలో రాసిచ్చారు. తొమ్మిది అంతస్తులకు గాను ఆరో స్లాబు పడిన తరువాత పని నిలిచిపోయింది. ఇప్పుడు సైటుకు వెళితే తుప్పు పట్టిన ఊచలు పైకి పొడుచుకొచ్చిన స్తంభాలు, సెల్లారులో మోకాలి లోతు వాన నీళ్లు, రేకుల గదిలో ఉంటున్న వాచ్‌మన్ కుటుంబం తప్ప మరేమీ కనిపించవు.

బ్యాంకు మాకు 60 లక్షల రుణం మంజూరు చేసి, స్లాబుల లెక్కన ఇప్పటి వరకు 42 లక్షలు నేరుగా బిల్డరుకు విడుదల చేసింది. దాని మీద 8.75 శాతం చొప్పున నెలకు 30,625 రూపాయలు ప్రీ-ఈఎంఐ కడుతున్నాను. ఇది వడ్డీ మాత్రమే, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. మియాపూర్‌లో ఉంటున్న ఇంటికి అద్దె మరో 24,000. నా భార్య సహ రుణగ్రహీత. ఖమ్మంలో ఉంటున్న మా నాన్నగారు, రిటైరైన ఉపాధ్యాయుడు, హామీదారుగా సంతకం చేశారు.

మా 84 మంది కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు ఒక ప్రతిపాదన నడుస్తోంది. వచ్చే నెల నుంచి అందరం ఒకేసారి వాయిదాలు ఆపేస్తే, బ్యాంకులే బిల్డరు మెడ మీద కూర్చుంటాయని కొందరి వాదన. చైనాలో 2022లో ఎవర్‌గ్రాండ్ వంటి సంస్థల ఇళ్లు కొన్నవాళ్లు ఇలాగే చేశారని ఒకరు, సుప్రీంకోర్టే ఈఎంఐ కట్టనక్కర్లేదని చెప్పిందని మరొకరు రాశారు. కాలిఫోర్నియాలో ఉన్న మా బావ కూడా, 2009 ప్రాంతంలో అక్కడ చాలా మంది తాళాలు బ్యాంకుకు పంపేసి చేతులు దులుపుకున్నారని చెప్పాడు. కట్టలేక కాదు, కట్టే స్తోమత ఉండి కూడా కావాలని ఆపితే నిజంగా ఏమవుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1: విశ్రాంత బ్యాంకు అధికారి, విజయవాడ

నేను ముప్పై ఏళ్లకు పైగా రుణాల విభాగంలో పనిచేశాను కాబట్టి బల్లకు అటువైపు నుంచి ఈ వ్యవహారం ఎలా కనిపిస్తుందో చెబుతాను. మీరు వాయిదా ఆపిన సంగతి బిల్డరుకు తెలియడానికి నెలలు పట్టవచ్చు, అసలు తెలియకపోవచ్చు కూడా. బ్యాంకు కంప్యూటరుకు మాత్రం మర్నాడే తెలుస్తుంది. మొదటి నెలలోనే ఒక హెచ్చరిక తరగతి, రెండో నెలకు మరొకటి, మూడో నెలకు ఇంకొకటి, 90 రోజులు దాటగానే మీ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. 2025 జనవరి నుంచి ఈ సమాచారం కనీసం పదిహేను రోజులకొకసారి, అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలకు వెళుతోంది. కాబట్టి నెలాఖరులోగా సర్దేస్తే ఎవరికీ తెలియదులే అన్న పాత లెక్క ఇక పనికిరాదు.

ఎన్‌పీఏ అయిన తరువాత నడిచేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. దాని కింద బ్యాంకు ముందుగా కోర్టుకు వెళ్లనక్కర్లేదు. సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. చాలా మంది గమనించని విషయం ఒకటుంది: ఆ నోటీసు అడిగేది మీరు ఎగ్గొట్టిన మూడు నాలుగు వాయిదాలను కాదు, మొత్తం అప్పును. అంటే మీ విషయంలో 42 లక్షలు, దాని మీద అప్పటి దాకా పేరుకున్న వడ్డీ, ఛార్జీలు. మీరు అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఇవ్వాలి కాబట్టి ఇస్తారు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. ఆ తరువాత స్వాధీన నోటీసు అంటిస్తారు, ఒకటి స్థానిక భాషలో ఉండేలా రెండు పత్రికల్లో ప్రకటిస్తారు, అవసరమైతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో భౌతికంగా స్వాధీనం చేసుకుంటారు, ఆపైన 30 రోజుల నోటీసుతో వేలం వేస్తారు.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ఆరో స్లాబు దగ్గర ఆగిపోయిన భవనంలో, గోడలు కూడా లేని ఫ్లాటును వేలంలో ఎవరు కొంటారు? మాట వరసకు 25 లక్షలకు పోయిందనుకోండి, మిగిలిన 17 లక్షలు, దాని వడ్డీ మాఫీ కావు. సెక్షన్ 13(10) ప్రకారం ఆ మిగులు బాకీ కోసం బ్యాంకు మీ మీద, మీ శ్రీమతి మీద, మీ నాన్నగారి మీద విడిగా వెళ్లవచ్చు. బాకీ 20 లక్షలు లేదా అంతకు మించితే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, తక్కువైతే సివిల్ కోర్టుకు వెళతారు. ఫ్లాటు పోతుంది, అప్పు ఉంటుంది, బిల్డరు దర్జాగా ఉంటాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే, పైగా ఆ దుత్త మీ సొంతం.

గ్రూపులో అందరూ కలిసి ఆపితే బ్యాంకు బెదురుతుందన్న ఆలోచన గురించి ఒక మాట. 84 మందీ ఒకే బ్యాంకులో అప్పు తీసుకుని ఉండరు. ఏడెనిమిది బ్యాంకులు, రెండు మూడు గృహ రుణ సంస్థలు ఉంటాయి. ఒక్కొక్కరికి పది ఖాతాలు. మా జోనల్ ఆఫీసులో అయితే అది నెల సమీక్షలో ఒక వరుస, అంతే. చైనాలో ఆ వాయిదాల సమ్మె వందలాది ప్రాజెక్టులకు పాకి, ప్రభుత్వమే ఇళ్లు పూర్తి చేయించడానికి ప్రత్యేక రుణాలు సమకూర్చేదాకా వెళ్లింది. అది ఒక అపార్టుమెంటు గ్రూపు చేసిన పని కాదు.

ముందుగా చేయవలసింది మరొకటి ఉంది. మీకు ఇంకా విడుదల కాని 18 లక్షలు ఉన్నాయి. సైటు తనిఖీ చేసి, నా లిఖితపూర్వక అంగీకారం తీసుకోకుండా ఇకపై ఒక్క రూపాయి కూడా విడుదల చేయవద్దని బ్రాంచికి ఈరోజే ఉత్తరం ఇచ్చి, నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. దానితోపాటే ప్రీ-ఈఎంఐ భారం తగ్గించే వెసులుబాటు ఏమైనా ఉందా అని అడగండి. ఖాతా సక్రమంగా ఉన్నవాడు అడిగితే మేనేజరు కుర్చీ చూపిస్తాడు. 90 రోజులు దాటాక అడిగితే వసూళ్ల విభాగం నంబరు ఇస్తాడు.

జవాబు 2: మధురవాడ నివాసి, విశాఖపట్నం

మీరు అడిగిన తప్పు నేను చేసినవాడిని కాబట్టి రాస్తున్నాను. నా కారణం వేరు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రెపో రేటు 4 నుంచి 6.50 శాతానికి పెరిగినప్పుడు, నా రుణ సంస్థ నన్ను అడగకుండానే గడువును ఏళ్లకు ఏళ్లు పొడిగించింది. ఇలా అయితే నాకు అరవై ఏడేళ్లు వచ్చేదాకా కట్టాలని, వడ్డీ తగ్గించమని మూడు ఈమెయిళ్లు పంపితే ఒక్కదానికీ జవాబు రాలేదు. డబ్బు ఉంది, కోపం కూడా ఉంది. వాయిదా ఆపితే వాళ్లే కాళ్ల బేరానికి వస్తారనుకుని 29,800 రూపాయల ఈఎంఐని ఏడు నెలలు కట్టలేదు. ఆ డబ్బును తెలివిగా మ్యూచువల్ ఫండ్‌లో వేశాను కూడా.

కాళ్ల బేరానికి ఎవరూ రాలేదు. మొదట ఫోన్లు వచ్చాయి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత చేయకూడదు కాబట్టి సరిగ్గా 8 గంటల 2 నిమిషాలకు చేసేవారు. ఆ తరువాత ఎర్ర ముద్ర వేసిన నోటీసు వచ్చింది. ఆపైన ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చి, మా ఆవిడ తలుపు తీసి చూస్తుండగానే, తలుపు మీద కాగితం అంటించి, దాని నాలుగు మూలలూ అరచేత్తో రుద్ది, ఫోనులో రెండు ఫోటోలు తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఒక్క పరుష పదం మాట్లాడలేదు. ఎదురింటి వాళ్లు తలుపు సందులోంచి చూశారు. ఆ కాగితం పీకేసినా, జిగురు మరక టేకు తలుపు మీద ఇప్పటికీ ఉంది.

అదే వారంలో పత్రికలో ప్రకటన వచ్చింది. నా పేరు, మా ఆవిడ పేరు, హామీదారుగా మా మామగారి పేరు, ముగ్గురి ఇంటి నంబర్లు, బాకీ మొత్తం, ఫ్లాటు నాలుగు సరిహద్దులతో సహా వేశారు. అనకాపల్లిలో మామగారు రోజూ వెళ్లే టిఫిన్ హోటల్లో ఎవరో ఆ పేజీ మడిచి ఆయన చేతికిచ్చారట. ఆయన నన్ను ఏమీ అనలేదు. సంక్రాంతికి మమ్మల్ని పిలవలేదు, అంతే.

ఏడు నెలల బకాయి 2,08,600 అయితే, వడ్డీ, అపరాధ వడ్డీ, లాయరు ఫీజు, పత్రికా ప్రకటన ఖర్చు, విలువ కట్టిన ఇంజనీరు ఫీజు అన్నీ కలిపి 2,64,000 కడితే గాని ఖాతా మళ్లీ సక్రమం కాలేదు. అది కూడా వాళ్లు ఒప్పుకోబట్టి, చట్టప్రకారం మొత్తం అప్పు అడిగే హక్కు అప్పటికే వాళ్లకు వచ్చేసింది. ఎన్‌పీఏ అయిన ఖాతాలో ఒకటి రెండు వాయిదాలు కట్టినంత మాత్రాన పేరు మారదు, బకాయి అణా పైసలతో తీరాల్సిందే. 2024 ఏప్రిల్ నుంచి అపరాధ రుసుమును అసలులో కలిపి దాని మీద వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు ఆపింది గాని, నాది అంతకు ముందరి ముచ్చట.

అక్కడితో అయిపోతే బాగుండేది. 790 ఉన్న నా సిబిల్ స్కోరు 580 దగ్గరికి పడిపోయింది. రెండేళ్ల తరువాత మా అమ్మాయికి ఇంజనీరింగు చదువు రుణం కోసం వెళితే, సహ రుణగ్రహీతగా తండ్రి నివేదిక చూసి మొదటి బ్యాంకు వెనక్కి పంపింది. రెండోది ఒకటిన్నర శాతం ఎక్కువ వడ్డీకి ఇచ్చింది. నేను ఎవరికి బుద్ధి చెప్పాలని మొదలుపెట్టానో వాళ్లకు నా పేరు కూడా గుర్తుండి ఉండదు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మధురవాడ వారు తలుపు మీద జిగురు మరక గురించి రాసింది మా ఆవిడ రెండుసార్లు చదివింది. అయితే సుప్రీంకోర్టు ఉత్తర్వు సంగతి ఏమిటి? మా గ్రూపులో దాని మొదటి పేజీ ఫోటో తిరుగుతోంది. మరో సందేహం: నాన్నగారి పెన్షన్ మీదకు వస్తారా? ఆయనకు ఈ విషయం ఇంకా చెప్పలేదు.

జవాబు 3: న్యాయవాది, హైదరాబాదు

ఆ ఉత్తర్వు అబద్ధం కాదు, దాన్ని చదివిన తీరు తప్పు. దేశ రాజధాని ప్రాంతంలో సబ్‌వెన్షన్ పథకం కింద, అంటే ఇల్లు చేతికొచ్చేదాకా వడ్డీ బిల్డరే కడతాడన్న త్రైపాక్షిక ఒప్పందాలతో ఫ్లాట్లు కొన్నవారు వేసిన పిటిషన్లలో, వారి మీద బలవంతపు చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2024 జులైలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బిల్డర్లకూ బ్యాంకులకూ మధ్య కుమ్మక్కుపై సీబీఐ దర్యాప్తుకు 2025లో ఆదేశించింది. ఆ రక్షణ ఆ పిటిషన్ల వారిది. మీది స్లాబుల లెక్కన విడుదలైన మామూలు రుణం, వడ్డీ మొదటి నుంచీ మీరే కడుతున్నారు. ఎవరికో వచ్చిన స్టే కాగితాన్ని మీ బ్రాంచి మేనేజరుకు చూపిస్తే ఆయన దాన్ని మర్యాదగా చదివి తిరిగి ఇస్తాడు.

హామీదారు విషయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. ముందు కొడుకును వెంటాడి, అతని దగ్గర ఏమీ దొరకకపోతేనే తండ్రి దగ్గరికి రావాలన్న నియమం లేదు. మీ నాన్నగారి పెన్షన్‌ను జప్తు చేయడానికి వీల్లేదు. ఖమ్మంలో ఆయన పేరున ఇల్లు ఉంటే, అది తాకట్టులో లేదు కాబట్టి సర్ఫేసీ కింద నేరుగా ముట్టుకోలేరు గాని, ట్రిబ్యునల్ నుంచి వసూలు ఉత్తర్వు తెచ్చుకుంటే దాని మీదకూ రావచ్చు. ఆయనకు చెప్పకుండా వాయిదా ఆపడం మాత్రం న్యాయవాదిగానే కాదు, ఒక కొడుకుగా కూడా నేను సమర్థించలేను.

మీరు ‘కావాలని’ అన్న మాట దగ్గర నేను ఆగాను. అప్పు తీర్చకపోవడం దానికదే నేరం కాదు. అయితే ఖాతాలో కావాలనే డబ్బు ఉంచకుండా ఆటోమేటిక్ చెల్లింపు వెనక్కి పోయేలా చేస్తే, చెక్కు బౌన్సుకు ఉన్నట్టే, 2007 నాటి చెల్లింపు వ్యవస్థల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెట్టవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే రెండేళ్ల వరకు జైలు లేదా ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడే వీలుంది. పైగా 25 లక్షలు, అంతకు మించిన బాకీ ఉన్న ఎన్‌పీఏ ఖాతాలన్నిటిలో, కట్టే శక్తి ఉండి కట్టలేదా అన్నది పరిశీలించాలని రిజర్వు బ్యాంకు 2024 జులై 30 నాటి ఆదేశాల్లో చెప్పింది. అలా తేలితే షోకాజ్ నోటీసు ఇచ్చి, విచారించి, ఉద్దేశపూర్వక ఎగవేతదారుగా ప్రకటిస్తారు. స్తోమత ఉన్నా అందరం కలిసి ఆపుదాం అని 84 మంది ఉన్న గ్రూపులో రాసిన సందేశం కన్నా మంచి సాక్ష్యం బ్యాంకుకు ఏం కావాలి? దయచేసి ఆ చర్చ అక్కడ ఆపించండి.

నోటీసు దాకా వెళ్లినవారికి ట్రిబ్యునల్ ఉంది. హైదరాబాదులో రెండు, విశాఖపట్నంలో ఒకటి ఉన్నాయి. బ్యాంకు చర్య తీసుకున్న 45 రోజుల్లో సెక్షన్ 17 కింద దరఖాస్తు వేయవచ్చు. అక్కడ మనం గెలిచేది సాధారణంగా నోటీసులో తప్పు, గడువులో తప్పు వంటి వాటి మీదే. బిల్డరు మోసం చేశాడన్నది అక్కడ జవాబు కాదు. ఓడిపోతే అప్పీలు కోల్‌కతాలో, అదీ బాకీలో సగం, దయదలిస్తే పావు వంతు డిపాజిట్ చేశాక. అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు కూడా 2016 సవరణ తరువాత వేలం ప్రకటన వెలువడే వరకే ఉంది. వేలం రోజున డబ్బు సంచితో పరుగెత్తుకొచ్చిన వాళ్లను నేను చూశాను, అప్పటికి ఆలస్యమైపోయింది.

మీ కోపానికి సరైన చిరునామా రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, దాని చట్టం. సెక్షన్ 18 ప్రకారం మీరు ప్రాజెక్టులోంచి బయటికి వచ్చేస్తే కట్టినదంతా వడ్డీతో వాపసు అడగవచ్చు, ఉండిపోతే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగవచ్చు. తెలంగాణలో ఆ వడ్డీ రేటు స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్ (రుణాలకు ఆధారమైన వడ్డీ రేటు) మీద రెండు శాతం అదనం. అంటే మీరు బ్యాంకుకు కడుతున్న వడ్డీ రేటు కన్నా ఎక్కువే. ఉత్తర్వు వచ్చినా డబ్బు వెంటనే రాదు, కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి. బిల్డరు పేరున ఆస్తి లేకపోతే అది కాగితమే. అందుకే 84 మంది కలిసి సంఘం నమోదు చేసుకుని, రిజిస్ట్రేషను గడువు తీరిన ప్రాజెక్టును సెక్షన్ 8 కింద మిగిలిన పనిని సంఘమే చేపట్టే దారి కూడా అడగాలి. దివాలా చట్టం కింద వెళ్లడానికి 84 మందిలో పది శాతం, అంటే 9 మంది చాలు. కాని అక్కడ వచ్చే మారటోరియం, అంటే వసూలు చర్యల నిలుపుదల, బిల్డరును కాపాడుతుంది, మీ ఈఎంఐని కాదు.

జవాబు 4: శాక్రమెంటో, కాలిఫోర్నియా నుంచి

మీ బావగారు చెప్పింది నిజమే గాని సగం. 2006లో 4,80,000 డాలర్లకు మేము కొన్న ఇల్లు 2009కి అందులో సగం కూడా పలకలేదు. మా వీధిలోనే మూడు ఇళ్ల వాళ్లు, ఉద్యోగాలు ఉండి కూడా, వాయిదాలు ఆపి వెళ్లిపోయారు. పచ్చిక ఎండిపోయి, తలుపుకు కాగితం వేలాడుతూ ఉండేది. వాళ్లు అలా వెళ్లగలగడానికి కారణం ధైర్యం కాదు, కాలిఫోర్నియా చట్టం. తాను నివసించే ఇల్లు కొనడానికే తీసుకున్న రుణమైతే, ఇల్లు అమ్మగా మిగిలిన బాకీ కోసం రుణదాత మనిషి వెంట పడకూడదని ఇక్కడి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 580బి చెబుతుంది. మధ్యలో రీఫైనాన్సు చేసుకున్నవారికి అప్పట్లో ఈ రక్షణ వర్తించేది కాదు. టెక్సాస్‌లో ఉన్న మన వాళ్లకు అసలే లేదు, అక్కడ వేలం తరువాత రెండేళ్ల లోపు మిగులు బాకీకి దావా వేయవచ్చు.

ఇక్కడ కూడా ఊరికే వదల్లేదు. కట్టగలిగీ కావాలని ఆపినవారికి ఏడేళ్ల పాటు తమ మద్దతున్న రుణాలు అందవని, ఇంటి రుణాలకు ఊతమిచ్చే ఫ్యానీ మే సంస్థ 2010 జూన్‌లో ప్రకటించింది. మా పక్కింటి తెలుగాయన అలా వెళ్లి, ఆ తరువాత చాలా ఏళ్లు ప్రతి అద్దె ఇంటి దరఖాస్తులోనూ అదే కథ చెప్పుకోవాల్సి వచ్చింది. మేము ఉండి కట్టాము. అది మంచి నిర్ణయమా అని 2011లో అడిగి ఉంటే కాదనే చెప్పేవాడిని. ఏదేమైనా, మీ అప్పు మీ ఫ్లాటుకు అంటుకున్నది కాదు, మీకు అంటుకున్నది. ఆ తేడా మీ బావగారికి చెప్పండి.

ప్రశ్న వేసినవారు

నిన్న బ్రాంచికి వెళ్లి, విడుదల కాని 18 లక్షల గురించిన ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. మేనేజరు సైటు ఫోటోలు కూడా అడిగి తీసుకున్నారు. ప్రీ-ఈఎంఐ విషయం పై ఆఫీసుకు రాస్తానన్నారు గాని మాట ఇవ్వలేదు. గ్రూపులో 84 మందిలో 31 మంది సంఘం నమోదుకు ఆధార్ నకళ్లు పంపారు. ఇద్దరు మాత్రం ఈ నెల నుంచే వాయిదా ఆపుతున్నట్టు రాసి, నేను న్యాయవాది గారి జవాబు పెట్టాక ఆ సందేశాలు తుడిచేశారు. ఈ ఆదివారం ఖమ్మం వెళుతున్నాను, నాన్నగారికి ఫోనులో చెప్పే సంగతి కాదు ఇది.